కారణం ఎదుట ఉండగా కంట్లో పసరెందుకు?

బరంపురంలో కళ్ళు మండుతున్నాయనో, రాత్రి నిద్ర పట్టడం లేదనో నలుగురిలో అంటే చాలు, నలుగురూ నాలుగు మందులు చెబుతారు. రాత్రి త్రిఫల చూర్ణం నానబెట్టి పొద్దున ఆ తేట నీటితో కళ్ళు కడుక్కోమంటారు. పన్నీరు రెండు చుక్కలు వేసుకోమంటారు. తేనె వేస్తే కాసేపు మండినా లోపలి మలినమంతా కారిపోతుందంటారు. నిద్రకు అశ్వగంధ వేసిన పాలు, అరికాళ్ళకు ఆవునెయ్యి, మాడుకు బ్రాహ్మీ తైలం. ఒడియా ఇళ్ళలోనూ తెలుగు ఇళ్ళలోనూ దాదాపు ఇదే జాబితా. దాని వెనక నమ్మకమూ ఒకటే. ఫోను, కంప్యూటరు చేసే హానిని మన పాత మందు సరిచేస్తుంది. అది ప్రకృతి ఇచ్చినది గనక నష్టం ఉండదు. చరకుడూ సుశ్రుతుడూ చెప్పిందే గనక అనుమానించనక్కర్లేదు. ఈ మూడు మాటలూ తప్పే. మూడోది అన్నిటికంటే పెద్ద తప్పు, అక్కడినుంచే మొదలుపెడతాను.

నాకు ఆయుర్వేదం మీద కోపం లేదు. దాని పేరు చెప్పి, అది మొట్టమొదట చేయమన్న పనిని దాటవేస్తున్నందుకు కోపం.

చరక సంహిత సూత్రస్థానం 11వ అధ్యాయంలో ఇంద్రియాలు ఎలా చెడతాయో వివరంగా ఉంది. మితిమీరిన వెలుగున్నవాటిని అతిగా చూడటం కంటికి అతియోగం. అసలు చూడకపోవడం అయోగం. మరీ దగ్గరగా ఉన్నవాటిని, మరీ దూరంగా ఉన్నవాటిని, భయం పుట్టించేవాటిని, రోత కలిగించేవాటిని, వింతవాటిని చూడటం మిథ్యాయోగం. రాత్రి పదకొండు గంటలకు గదిలో లైటు ఆర్పేసి, ముఖానికి జానెడు దూరంలో ఫోను పట్టుకుని, ఒక ప్రమాదం వీడియో తర్వాత ఒక కొట్లాట వీడియో చూస్తున్న మనిషిని ఈ వర్ణన పక్కన నిలబెట్టి చూడండి. అతి వెలుగు, అతి దగ్గర, భయం, వింత, నాలుగూ ఒకే చేతిలో ఉన్నాయి. చరకుడికి ఫోను తెలియదు. కానీ కన్ను దేనికి అలసిపోతుందో తెలుసు. ఆ అధ్యాయం పేరు కూడా ఎత్తకుండా మనకు చుక్కల సీసా అందిస్తున్నారు.

సుశ్రుతుడి దగ్గర ఇది ఇంకా సూటిగా ఉంటుంది. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం కంటి రోగాలతోనే మొదలవుతుంది. 76 నేత్రరోగాల లెక్క అక్కడే ఉంది. వాటికి కారణాలు చెబుతూ ఆయన ఒళ్ళు వేడెక్కి ఉండగా నీళ్ళలో దిగడం, దూరాన ఉన్నదాన్ని పట్టి పట్టి చూడటం, ఎడతెగని ఏడుపు, కోపం, శోకం అని వరసగా పోతాడు. ఆ వరసలోనే స్వప్న విపర్యయం ఉంది, అంటే రాత్రి మేలుకుని పగలు పడుకోవడం. కంటి బాధనూ నిద్ర చెడటాన్నీ కలిపి చూడాలన్న సంగతి అన్ని శతాబ్దాల కిందటే రాసిపెట్టి ఉంది. మనం మాత్రం కంటికి ఒక సీసా, నిద్రకు ఇంకో డబ్బా కొంటున్నాం. అదే అధ్యాయంలో, ఈ కారణాల జాబితాకు ఆనుకునే, చికిత్స అంటే సంగ్రహంగా కారణాన్ని విడిచిపెట్టడమేనన్న సూత్రం ఉంది. నిదాన పరివర్జనం అన్న పేరుతో ఆయుర్వేద విద్యార్థులందరూ వల్లించేది దాన్నే. ఆ మాట ఆయన జ్వరం గురించో అజీర్ణం గురించో చెబుతూ అనలేదు. కంటి రోగాల గురించి చెబుతూ అన్నాడు.

గంజాం జిల్లాలోనే, అంకుశ్‌పూర్‌లో, కవిరాజ్ అనంత త్రిపాఠీ శర్మ పేరిట ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. అక్కడ చదివే పిల్లలకు ఈ అధ్యాయాలు పాఠాలు. బజారులో ఆయుర్వేదం పేరుతో సలహాలిచ్చేవారిలో ఎంతమంది వాటిని తెరిచి చూశారు?

ఇక కంట్లో ఏం జరుగుతోందో చూద్దాం. మామూలుగా మనం నిమిషానికి సుమారు 15 సార్లు రెప్ప వేస్తాం. తెర మీద చూపు నిలిపినప్పుడు అది సగానికి, కొందరిలో మూడో వంతుకు పడిపోతుంది. వేసిన రెప్ప కూడా పూర్తిగా మూసుకోదు. కంటిమీద కన్నీటి పొర పలచగా పరుచుకుని ఉంటుంది. పైన సన్నని నూనె పొర ఉండి ఆ నీటిని ఆరిపోకుండా కాస్తుంది. రెప్ప వేసిన ప్రతిసారీ ఆ నూనె కొత్తగా పరుచుకుంటుంది. రెప్ప పడకపోతే పొర చిట్లుతుంది, కన్ను ఆరుతుంది, మండుతుంది, ఇసుక పడ్డట్టు గరగరలాడుతుంది. మన ఉక్కపోతకు నెత్తిమీద ఫ్యాను గిరగిరా తిరుగుతూనే ఉండాలి, ఆ గాలి నేరుగా ముఖానికి తగిలితే ఇంకా త్వరగా ఆరుతుంది. దీనికి తోడు, దగ్గరి వస్తువును చూడటానికి కంటి లోపలి చిన్న కండరం బిగిసి పనిచేయాలి. గంటల తరబడి బిగిస్తే నుదురు లాగుతుంది, దూరం చూస్తే మసకగా అనిపిస్తుంది. జరిగేది చాలామందిలో ఇంతే. ఇందులో కడిగి బయటకు పంపాల్సిన మలినం ఏదీ లేదు. పైగా రోజూ త్రిఫల నీటితో కడిగితే పోయేది ఆ కాస్త నూనె పొరే.

మరి మాకు పనిచేసిందే అంటారు. నందివర్ధనం పూలు కళ్ళమీద పెట్టుకుని పడుకుంటే చల్లగా హాయిగా ఉందంటారు. హాయిగా ఉండే మాట నిజం. ఇరవై నిమిషాలు కళ్ళు మూసుకుని వెల్లకిలా పడుకున్నారు, ఫోను చేతిలో లేదు, ఫ్యాను గాలి కంటికి తగల్లేదు, లోపలి కండరం సడలింది. పూలు తీసేసి తడి గుడ్డ పెట్టినా ఇంతే జరుగుతుంది, ఏమీ పెట్టకపోయినా చాలావరకు జరుగుతుంది. పూలు పెట్టుకోవద్దని నేననను. మూసిన రెప్పమీద శుభ్రమైన పువ్వు ఉంటే ఎవరికీ నష్టం లేదు. ఫలితం పువ్వుదని చెప్పి ఆ పువ్వు రసాన్ని కంట్లో పిండమన్నప్పుడు మాత్రం నేను అడ్డం నిలబడతాను. పొన్నగంటి కూర కూడా అంతే. ఒడియా వాళ్ళు మదరంగా శాగ అనే ఈ ఆకుకూరను కంటికి మంచిదని తినిపించడంలో తప్పేముంది? పిల్లలకు ఆకుకూర కడుపులోకి వెళ్ళడం మేలే. దాన్ని తిని రాత్రంతా తెర చూడొచ్చనుకోవడమే తప్పు.

ప్రకృతి ఇచ్చినది హాని చేయదన్న మాట కంటి విషయంలో ప్రమాదకరం. నల్లగుడ్డు ముందున్న పారదర్శకమైన పొరలో రక్తనాళాలు లేవు. అక్కడ క్రిమి చేరితే శరీరం పోరాడటం కష్టం, గెలిచినా తెల్లటి మచ్చ మిగులుతుంది. అందుకే కంట్లో వేసేది ఏదైనా క్రిమిరహితంగా ఉండాలి. రాత్రంతా గిన్నెలో నానిన కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ పొడి నీరు క్రిమిరహితం కాదు. బజారు తేనె కాదు. వంటింట్లో వాడే పన్నీరు కాదు. తేనెమీద పరిశోధనలు జరిగాయని వాదించేవారికి చెప్పాల్సింది ఒకటుంది. వాటిలో వాడింది ప్రత్యేకంగా శుద్ధిచేసి క్రిమిరహితం చేసిన తేనె.

కర్మాగారంలో తయారైన చుక్కల్లో శుభ్రత లోపిస్తేనే ఏమవుతుందో 2023లో అమెరికా చూసింది. చెన్నై దగ్గర తయారై అక్కడికి వెళ్ళిన కృత్రిమ కన్నీటి చుక్కలతో ముడిపడి, మందులకు లొంగని సూడోమోనాస్ అనే బాక్టీరియా 18 రాష్ట్రాల్లో 81 మందికి సోకినట్టు అక్కడి ఆరోగ్య సంస్థ లెక్క తేల్చింది. 14 మందికి చూపు పోయింది, నలుగురికి కనుగుడ్డే తీసేశారు, నలుగురు చనిపోయారు. అవి ఆయుర్వేద చుక్కలు కావు. ఆధునిక మందే. యంత్రాలు, పరీక్షలు, లైసెన్సులు ఉన్నచోటే ఇలా జరిగితే, మన గట్టుమీది స్టీలు గిన్నెకు ఏ భరోసా ఉంది?

తెలుగువాళ్ళకు 2021 మే నెల గుర్తుండే ఉంటుంది. నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య కరోనా మందు కోసం జనం ఎగబడ్డారు. మే 31న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆయన నోటి మందుల్లో కొన్నింటికి అనుమతి ఇచ్చింది గానీ కంటి చుక్కలకు ఇవ్వలేదు. నోటి మందు విషయంలో అంత మెత్తబడ్డ ప్రభుత్వం కూడా కన్ను దగ్గర ఆగింది. ఆగడం సరైన పని.

గంజాం పల్లెల్లో ఈ అలవాటు చేసే నష్టం ఇంకా లోతైనది. కోతల కాలంలో వరి ఆకో, ధాన్యపు ఊకో కంటికి గీరుకుంటుంది. ఆ చిన్న గాయంలోనుంచి బూజు జాతి క్రిమి దిగుతుంది. దక్షిణ భారతంలో కంటిపుండ్లకు ఇది పెద్ద కారణమని కంటి వైద్యులు ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నారు. అలాంటి కంట్లో ఆకు పసరు పిండితే క్రిమికి తోడు క్రిమిని పంపినట్టే, పైగా ఆసుపత్రికి వెళ్ళాల్సిన నాలుగు రోజులు చేజారిపోతాయి. మందుల షాపులో చీటీ లేకుండా కొనే స్టెరాయిడ్ చుక్కలూ ఇంతే కీడు చేస్తాయి. బూజు పుండును అవి రెచ్చగొడతాయి, నెలల తరబడి వాడితే కంటి లోపలి ఒత్తిడి పెంచి చూపు నరాన్ని తినేస్తాయి. పసరును తప్పుపట్టి ఈ చుక్కలను వదిలేస్తే నా వాదం పక్షపాతమవుతుంది.

నేత్రతర్పణం సంగతేమిటంటారు. మినప్పిండితో కంటి చుట్టూ గట్టు కట్టి గోరువెచ్చని నెయ్యి పోసే ఆ చికిత్సకు సుశ్రుతుడు పెట్టిన నియమాలు చదవండి. ముందు శరీరశుద్ధి జరగాలి. గాలి, ఎండ, దుమ్ము లేని గది కావాలి. మబ్బు పట్టిన రోజున, మరీ వేడి రోజున, మరీ చలి రోజున చేయకూడదు. మనసు కలతగా ఉన్నవారికి చేయకూడదు. ఇన్ని షరతులతో వైద్యుడు చేయాల్సిన పనిని వీడియో చూసి ఇంట్లో చేసుకోమంటున్నారు. శాస్త్రం మీద గౌరవం ఉన్నవాళ్ళు అనాల్సిన మాటేనా అది?

నిద్ర దగ్గరికి వస్తాను. చరకుడు సూత్రస్థానం 21వ అధ్యాయంలో నిద్ర పట్టకపోవడానికి కారణాలు చెబుతాడు. పని, కాలం, రోగం, స్వభావం, వాతం. అన్నిటికంటే ముందు పని. అక్కడే నిద్ర రప్పించే ఉపాయాలూ ఉన్నాయి. ఒంటికి నూనె రాసుకోవడం, స్నానం, పాలు, నెయ్యి, పెరుగుతో వరి అన్నం, మనసుకు నచ్చిన వాసనలు, చప్పుళ్ళు, మెత్తని పడక, సుఖమైన ఇల్లు, తగిన వేళ. ఎండాకాలం మధ్యాహ్నం పెరుగు కలిపిన పఖాళ చద్దన్నం తిని కునుకు తీసే గంజాం మనిషికి ఈ జాబితా కొత్తగా అనిపించదు. వేసవిలో రాత్రులు చిన్నవి గనక పగటి కునుకుకు ఆయుర్వేద గ్రంథకర్త వాగ్భటుడు కూడా ఒప్పుకున్నాడు. పడక, ఇల్లు, వేళ, మనసు గురించి ఇంత చెప్పిన శాస్త్రాన్ని ఒక్క అశ్వగంధ మాత్రకు కుదించేశారు.

అశ్వగంధకు అసలు గుణమే లేదని నేను అనడం లేదు. 5 ప్రయోగాలను, మొత్తం 400 మందిని కలిపి చూసిన ఒక సమీక్ష 2021లో వచ్చింది. నిద్ర మీద స్వల్పమైన మేలు కనిపించిందని తేల్చింది. స్వల్పం అన్న మాటను డబ్బా మీద ఎవరూ అచ్చు వేయరు. కొందరిలో కాలేయం దెబ్బతిన్న సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. డెన్మార్క్ 2023లో అశ్వగంధను నిషేధించింది. థైరాయిడ్ మందు వాడేవారు, గర్భిణులు, కాలేయ జబ్బున్నవారు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. ఇరుగుపొరుగు మాట మీద వేసుకునే మాత్ర కాదది.

ఇంగ్లీషు వైద్యం పేరుతో అమ్మే సరుకునూ ఇదే తూకంలో వేయాలి. నీలి కాంతిని ఆపే కళ్ళద్దాలని ఇక్కడి దుకాణాల్లో అదనపు డబ్బు పుచ్చుకుంటున్నారు. 17 ప్రయోగాలను పరిశీలించి 2023లో కోక్రేన్ సంస్థ ఇచ్చిన సమీక్ష ప్రకారం, మామూలు అద్దాలకంటే అవి కంటి అలసటను తగ్గిస్తాయనడానికి ఆధారం కనబడలేదు. చదువుకునే అద్దాల అవసరం లేకుండా చేస్తుందన్న ఒక కొత్త చుక్కల మందు గురించి 2024 సెప్టెంబరులో దేశమంతా హోరెత్తింది. అనుమతిలో లేని ప్రచారం చేశారని కేంద్ర ఔషధ నియంత్రణాధికారి కొద్ది రోజుల్లోనే ఆ అనుమతిని నిలిపేశారు. తెర వెలుగు నిద్రను చెడగొడుతుందన్న మాటలోనూ పాళ్ళు తెలుసుకోవాలి. 2014లో అమెరికాలో 12 మందిమీద జరిగిన ప్రసిద్ధ ప్రయోగంలో, రాత్రి వేళ గంటల కొద్దీ వెలుగు తెర మీద చదివినవారికి, అచ్చు పుస్తకం చదివినప్పటికంటే నిద్ర పట్టడం దాదాపు పది నిమిషాలే ఆలస్యమైంది. మన పిల్లలకు పోతున్నది పది నిమిషాలు కాదు, రెండు మూడు గంటలు. ఆ గంటలను తినేది వెలుగు కంటే ఎక్కువగా తెర లోపలున్న విషయం, తర్వాతి వీడియో తనంతట తాను మొదలయ్యేలా పెట్టిన ఏర్పాటు. దానికి పసుపు కళ్ళద్దం ఏం చేస్తుంది, బ్రాహ్మీ తైలం ఏం చేస్తుంది?

జీవనశైలి మార్చుకోండి అన్న సలహా వినడానికి బాగుంటుంది. బ్రాహ్మీ ముహూర్తంలో లేవండి, రాత్రి తొమ్మిదికి దీపం ఆర్పండి అంటారు. ఎవరికి చెబుతున్నారో చూసుకోవాలి. గంజాం నుంచి వేలకు వేల మంది సూరత్ మరమగ్గాల మీద పనిచేస్తున్నారు. 12 గంటల షిఫ్టు, చెవులు గింగురుమనే మోత. మెస్ గదుల్లో పగటి షిఫ్టువాడు లేచి వెళ్ళిన పడకలోనే రాత్రి షిఫ్టువాడు వచ్చి వాలతాడు. హైదరాబాదులోనో బెంగళూరులోనో అమెరికా గడియారానికి పనిచేసే మన పిల్లల గదిలో ఏసీ ఉంటుంది గానీ, రాత్రి వాళ్ళకూ పనివేళే. వీళ్ళ నిద్ర పోవడానికి కారణం చరకుడు మొదట చెప్పినదే, పని. అలవాటు లేని జాగారం చేసినవాడు ఆ కాలంలో సగమైనా మర్నాడు పొద్దున, ఏమీ తినకముందు, పడుకోవాలని వాగ్భటుడు చెప్పాడు. షిఫ్టు మనిషికి పనికొచ్చే మాట అది. దాన్ని అమలు చేయాలంటే చీకటి గది కావాలి, మోత లేని నాలుగు గంటలు కావాలి, వారం వారం షిఫ్టు మార్చకుండా ఉండాలి. ఇవి ఇచ్చే శక్తి యజమాని చేతిలో ఉంది. నీ అలవాట్లే నీ జబ్బు అని కార్మికుడికి చెప్పే వైద్యం, అది ఏ పద్ధతిదైనా, యజమాని తరఫున మాట్లాడుతున్నట్టే.

కంటి అలసట అన్న పేరు కింద దాగిపోయే మరో సంగతి ఉంది. నలభై దాటాక దగ్గరి చూపు తగ్గుతుంది, ఇది రోగం కాదు. బరంపురం పట్టుకు భౌగోళిక గుర్తింపు తెచ్చిన నేతపనివారిలో తెలుగు మాట్లాడే దేరా కుటుంబాలున్నాయి. నలభై అయిదేళ్ళ నేతగాడికి పోగు మసకబారితే, ఫోను చూడటంవల్లే అంటారు, త్రిఫల తినమంటారు. అతనికి కావలసింది దగ్గరి చూపు అద్దాలు. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన 751 మంది కార్మికులమీద జరిగిన ప్రయోగం 2018లో అచ్చయింది. దగ్గరి చూపు అద్దాలు ఇచ్చినవారి పని, ఇవ్వనివారితో పోలిస్తే, సుమారు 22 శాతం ఎక్కువ మెరుగైంది. ఏ తైలానికీ ఇలాంటి లెక్క నేను చూడలేదు. పెద్ద ఖర్చు లేని ఈ మందును వదిలి, నెల నెలా చూర్ణాలు కొనిపించడం పేదవాడి జేబుకు అన్యాయం.

పిల్లల విషయంలో ఇంకా తొందర అవసరం. చైనాలో గ్వాంగ్‌జౌ నగరపు బడుల్లో రోజుకు 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపిన పిల్లల్లో మూడేళ్ళకు హ్రస్వదృష్టి వచ్చినవారు 30.4 శాతం. మిగతా బడుల్లో 39.5 శాతం. 2015లో వచ్చిన ఈ ఫలితం తర్వాత కూడా, ట్యూషన్ నుంచి ట్యూషన్‌కు తిరిగే పిల్లవాడికి కాటుక పెట్టి, బాదం పాలు తాగించి ఊరుకుంటే ఎలా? కొన్ని సురమాల్లో, కాటుకల్లో సీసం బయటపడింది, అది పిల్లల మెదడుకు విషం. ఎండ మన ఊళ్ళో కొరతగా లేదు. గోపాల్‌పూర్ తీరం పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉంది. సాయంత్రం నాలుగున్నర తర్వాత ఒక గంట బడి మైదానం తెరిచి ఉంచితే చాలు.

ఆయుర్వేద వైద్యులను నేను కోరేది ఒకటే. మీ శాస్త్రం అడగమన్నదే అడగండి. ఎన్ని గంటలు చూస్తున్నావు, ఎంత దూరంలో పెట్టుకుని చూస్తున్నావు, ఏ షిఫ్టు, గురక వస్తుందా, చక్కెర పరీక్ష చేయించుకున్నావా, అద్దాల పరీక్ష ఎప్పుడు జరిగింది. ఇవి అడిగాక అరికాళ్ళకు నూనె రాయమనండి, గోరువెచ్చని పాలు తాగమనండి, నాకు అభ్యంతరం లేదు. రాత్రి పడుకునే ముందు కాళ్ళకు నూనె రాసుకుంటున్నంతసేపూ ఆ రెండు చేతులూ ఫోను పట్టుకోవు, ఆ మేలు నేనూ ఒప్పుకుంటాను. కంట్లో మాత్రం ఇంట్లో చేసినది ఏదీ వేయమని చెప్పకండి.

ఇప్పటికే వేసుకున్నవారికి ఒక మాట. కన్ను ఎర్రబడి నొప్పి పెడుతున్నా, వెలుతురు చూడలేకపోతున్నా, చూపు హఠాత్తుగా మసకబారినా, నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క కనిపించినా అది తెర అలసట కాదు. చుక్కలు ఆపేసి ఆ రోజే బరంపురం ఎం.కె.సి.జి. ఆసుపత్రి కంటి విభాగానికో, దగ్గరలోని కంటి డాక్టరు దగ్గరకో వెళ్ళాలి. వేసుకున్న సీసానో, గిన్నెలో మిగిలిన నీటినో పారబోయకుండా మూతపెట్టి వెంట తీసుకెళ్ళండి. అందులో ఏ క్రిమి ఉందో ల్యాబులో చూడగలిగితే ఏ మందు వేయాలో త్వరగా తేలుతుంది.